నా గడ్డం, ఆయన శాలువా

గడ్డం దురద పెడుతుందని పెంచుకున్నవాళ్లెవరూ ముందుగా చెప్పరు. మొదట్లో మెడ కింద చీమలు పాకినట్లుంటుంది. తర్వాత అలవాటవుతుందంటారు, నాకు కాలేదు. పప్పుచారు పోసుకుని తింటే కొంత గడ్డానికి పోయేది. చాక్‌పీసు పొడి పడి మధ్యాహ్నానికల్లా పదేళ్లు పెద్దవాణ్నయ్యేవాణ్ని. మా నారాయణఖేడ్ ఎండల్లో ఇది మనిషి భరించాల్సిన విషయం కాదని మా అమ్మతో మొరపెట్టుకుంటే, "పెండ్లాం కడుపు మోస్తలేదా? నువ్వు గింత బొచ్చు మొయ్యలేవా?" అంది.

మా ఇళ్లల్లో భార్యకు ఐదో నెల వచ్చిందంటే భర్త మంగలి షాపు వైపు చూడకూడదు. కాన్పు అయ్యాకే కత్తెర. కారణమేమిటని అడిగితే, అడగకూడదన్నదే కారణం. అప్పట్లో నేను నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ని. పాఠం త్వరగా అయిపోతే మిగిలిన టైములో మూఢనమ్మకాల మీద మాట్లాడేవాణ్ని. మాట్లాడుతూ గడ్డం గోక్కునేవాణ్ని. పిల్లలు మర్యాదస్తులు, ఈ రెంటినీ కలిపి చూడనట్లే ఉండేవారు.

ఇది రెండువేల ఎనిమిది ప్రాంతం ముచ్చట. ఫోన్లలో కెమెరాలొచ్చాయి, బస్టాండు పక్కన మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించే దుకాణం వచ్చింది. ఇంకా ఏమేం రానున్నాయో మాకు తెలియదు.

ఆ కాలేజీలో నాకు దగ్గరివాడు లెక్కల సారు. ముస్లిం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట మా అందరి తెలుగే. పుట్టింది ఖేడ్‌లోనే, చదివింది తెలుగు మీడియంలో. అత్తగారిది నాగల్‌గిద్ద అవతల కర్ణాటకలో కాబట్టి కోపమొస్తే కన్నడం. ఆయనకున్న ఒక్క దురలవాటు పద్యం. హైస్కూల్లో నేర్చుకున్న పద్యాలన్నీ నోటికొచ్చు. రాగం తీశాడంటే స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర పిల్లలు గుమిగూడేవారు. నేను తెలుగు లెక్చరర్ని, పద్యం చదివితే బస్సు టైములు చదివినట్లుంటుంది. "సార్, జీతం నువ్వు తీస్కో, పద్యం మాత్రం నన్ను చదవనియ్యి," అనేవాడాయన.

పైగా ఆయన రోజూ నున్నగా గీసుకుని వచ్చేవాడు. నా గడ్డం పెరిగిన ఆ రోజుల్లో కాలేజీకి కొత్తగా వచ్చినవాళ్లు నాకు సలాం చెప్పి, ఆయనకు నమస్తే పెట్టేవారు. మేం దిద్దేవాళ్లం కాదు. ఇద్దరం ప్రతిసలాము, ప్రతినమస్కారం చేసేసేవాళ్లం.

ప్రతి ఏడూ కాలేజీ వార్షికోత్సవంలో మా ఇద్దరిదీ ఒక నాటిక ఉండేది. కథ చిన్నది. ఒక రైతు బర్రె తప్పిపోతుంది. రైతు ఒక స్వామి దగ్గరికి పోతాడు. స్వామి కళ్లు మూసుకుని దివ్యదృష్టితో వెతుకుతూ, మధ్యలో ఒక కన్ను తెరిచి పళ్లెంలో దక్షిణ ఎంత పడిందో చూసుకుంటాడు. రైతు తర్వాత ఒక దర్గా బాబా దగ్గరికి పోతాడు. బాబా తావీజు కట్టి, నల్లకోడి తెమ్మంటాడు, అదీ నాటుకోడే కావాలంటాడు. సాయంత్రానికి ఆకలేసి బర్రె దానంతటదే ఇంటికొస్తుంది. తెచ్చింది నేనంటే నేనని స్వామీ బాబా కొట్లాడుకుంటారు. "వాడు దొంగ, జనాన్ని మోసం జేస్తుండు" అని ఇద్దరూ ఒకరినొకరు ఒకే గొంతుతో తిట్టుకుంటారు. చివరికి ఇద్దరూ కూర్చుని రైతు బర్రె పాలు తాగుతారు.

స్వామి నేను, బాబా లెక్కల సారు, రైతు మా అటెండరు. నాలుగేళ్లు ఇట్లాగే నడిచింది. మాకొక నియమం ఉండేది: ఎవరి మతాన్ని వాళ్లే వెక్కిరించాలి. దీన్ని మేం చాలా గొప్ప ఆలోచన అనుకునేవాళ్లం. నాటకమైన ప్రతిసారీ మా అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడేది కాదు. ఆయన ఉండే మహల్లాలో పెద్దలు ఆయన్ను పిలిచి "తోబా, తోబా" అనేవారు. అంతటితో ఆ ఏటికి అయిపోయేది. మా ప్రిన్సిపాల్ మెథడిస్టు క్రైస్తవుడు. "మా పాస్టర్ వేషం ఎందుకేస్తలేరు? మేం అంత లెక్కల లేమా?" అని ప్రతి ఏడూ అడిగేవాడు. బర్రె ఒక్కటే సార్, ముగ్గురికి పాలు సరిపోవు అనేవాళ్లం.

ఐదో ఏడు అటకమీది నుంచి సామాను దించితే బాబా పెట్టుడు గడ్డాన్ని ఎలుకలు కొట్టేసి ఉన్నాయి. మిగిలిన దాన్ని ఎవరి మూతికి పెట్టినా జబ్బుపడి లేచిన మేకలా ఉంది. కొత్తది కావాలంటే హైదరాబాద్ పోవాలి. అప్పుడు మా అటెండరు నా వైపు చూసి, "అసలు గడ్డం ముంగట వెట్టుకోని పెట్టుడు గడ్డం కోసం పరేషాన్ ఎందుకు సార్?" అన్నాడు.

అందరం నవ్వాం. నవ్వాక, నిజమే గదా అనిపించింది. లెక్కల సారు మొహం ఒక్కసారిగా వెలిగింది. నాలుగేళ్లుగా బాబా వేషానికి పద్యం లేదు. స్వామికి రెండు పద్యాలున్నాయి, వాటిని నేను ఏటా ఖూనీ చేస్తున్నాను. "అంటే స్వామి నేనా?" అన్నాడు. పండగకు కొత్తబట్టలు పెడతామంటే పిల్లవాడు అడిగినట్లు అడిగాడు. మా నియమం మా ఇద్దరికీ గుర్తుంది. అయితే ఎండ, రిహార్సల్, ఎలుకలు. ఈ దేశంలో ఇంతకంటే పెద్ద నిర్ణయాలే ఇంతకంటే తక్కువ ఆలోచనతో జరిగాయి కాబట్టి మేం ఎక్కువసేపు ఆగలేదు.

నాటిక బాగా పేలింది. మనూర్ నుంచి, కంగ్టి నుంచి తల్లిదండ్రులు షేర్ ఆటోల్లో కిక్కిరిసి వచ్చారు. లెక్కల సారు నా పాత కాషాయ శాలువా కప్పుకుని పద్యం అందుకోగానే వెనకాల గోడమీది పిల్లలు కూడా నిశ్శబ్దమయ్యారు. తర్వాత నేను నాలుగేళ్లు తెరిచిన అదే కన్ను, అదే చోట, అదే పళ్లెం మీదికి తెరిచాడు. నాకంటే బాగా తెరిచాడు. నేను నా సొంత గడ్డాన్ని నిమురుకుంటూ నాటుకోడి అడిగాను. ఆ రోజు దురద కూడా నటన కిందికే వచ్చింది. చివర్లో ఇద్దరం పాలు తాగుతుంటే ప్రిన్సిపాల్ ముందు వరుసలో కళ్లు తుడుచుకున్నాడు.

వారం తిరగకముందే ఆ నాటిక ఊళ్లో రెండు ముక్కలై తిరగడం మొదలుపెట్టింది. ఎవరో ఫోనులో తీశారు, ఎవరో కత్తిరించారు. ఒక ముక్కలో నేను తావీజు కడుతుంటాను. ఇంకో ముక్కలో ఆయన కన్ను తెరుస్తుంటాడు. బర్రె ఏ ముక్కలోనూ లేదు. పాలు తాగిన దృశ్యమైతే ఎవరికీ అక్కర్లేకపోయింది.

నాకు మొదట తెలిసింది చాయ్ హోటల్లో. ఒకప్పుడు మా ఇద్దరి దగ్గరా చదువుకున్న కుర్రాడు, ఇప్పుడు వినాయకుడి మండపం దగ్గర్నుంచి ఎన్నికల ప్రచారం దాకా ఒక యువజన సంఘాన్ని నడుపుతున్నవాడు, నా చాయ్‌కి తనే చెప్పి పక్కన కూర్చున్నాడు.

"సార్, దిల్ ఖుష్ జేసిన్రు. వాండ్ల తాయెత్తుల కథ బయట వెట్టాలంటే గుండె కావాలె."

"గుండె కాదు బిడ్డ, గడ్డం కావాలె. ఇంకో ముక్క చూసినవా, లెక్కల సార్‌ది?"

గ్లాసు కింద పెట్టాడు. "చూసిన. గది తప్పు సార్."

"గా కన్ను తెరిచే కామెడీ నాలుగేండ్లు నేనే జేసిన. నువ్వు ముంగటి బెంచిల కూసోని ఈలలు గొట్టినవ్."

"మీరు జేస్తే వేరే. మనింట్ల మనం తిట్టుకుంటం. బయటోడు వచ్చి తిడితే ఊకుంటమా?"

"మరి నేను వాళ్లింటికి పోయి తిట్టొచ్చిన గద?"

ఆలోచించాడు. నా దగ్గర చదువుకున్నవాడు, ఆలోచిస్తాడనే నా నమ్మకం. "గది తిట్టుడు కాదు సార్," అన్నాడు నెమ్మదిగా, "గది నిజం."

"లెక్కల సార్ నీకు చదువు చెప్పిండు."

"కాదన్ననా? ఎదురుపడితే ఇప్పటికి గూడ మొక్కుత. గని గిది లెక్కల ముచ్చట కాదు." లేచి, చాయ్ పైసలు ఇచ్చి, "మీరు ఫికర్ జెయ్యకున్రి సార్. మీ జోలికి ఎవ్వడు రాడు," అన్నాడు. ఆ మాట లెక్కల సారు గురించి చెప్పలేదు.

అప్పుడు నాకు విషయం కొంచెం అర్థమైంది. వాళ్ల సంఘం వాళ్లు అప్పటికే మా కరస్పాండెంట్‌ను కలిశారు. కాలేజీ ఓనరును మేం కరస్పాండెంట్ అనేవాళ్లం. ఆయనకు కందిపప్పు మిల్లు కూడా ఉంది, ఎక్కువ ప్రేమ దానిమీదే. లెక్కల సారు ఉద్యోగం ఆ మిల్లు మెట్లమీద ఊగుతోంది.

లెక్కల సారు మహల్లాలో ఒక పెద్దాయన ఉన్నాడు. పైపులు, నట్లు అమ్మే దుకాణం. పండగల ముందు పోలీస్ స్టేషన్లో జరిగే శాంతి కమిటీలో సభ్యుడు, ఒక పార్టీకి మా ఊళ్లో పెద్ద తల. ఆయన వచ్చి కరస్పాండెంట్‌తో ఒక మాట చెప్తే బాగుంటుందని దుకాణానికి వెళ్లాను. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. ఆ వారం నేను తాగినన్ని చాయ్‌లు ఎప్పుడూ తాగలేదు. అందరూ నన్ను గౌరవించారు, అదే ఇబ్బంది.

"సార్, మీరు సదువుకున్నోళ్లు," అన్నాడు. "గట్ల గడ్డం వెట్టుకోని మా వేషం గట్టి తమాషా జేసుడు మీకు మంచిగనిపించిందా?"

"పెద్దాయన, గీ గడ్డం మా అమ్మ పెట్టించింది. మా ఇంటామెకు నెలలు నిండుతున్నయి."

"ముబారక్," అన్నాడు మనస్ఫూర్తిగా. "గని వేషం?"

"మీ పిల్లగాడు నాలుగేండ్లు గదే వేషం వేసిండు గద."

"వాడు మావోడు. వాన్ని ఇంట్ల కూసోవెట్టి తిట్టినం."

"మరి ఈసారి స్వామి వేషం వేసిండు. దానికేమంటరు?"

పెద్దాయన మొహం విప్పారింది. "గది కళ సార్. వాడు పద్యం చదివితే మీ గుడి అయ్యగారు గూడ అట్ల చదవలేడు. ఇగ స్వాములు జేస్తున్నది లోకానికి తెల్వదా? ఉన్నదే చూపెట్టిండు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నట్లు డబ్బాలో వేస్తూ అన్నాడు: "సార్, మీ మీద ఎవడన్న నవ్వితే మీకు కోపమొస్తది. మా మీద నవ్వితే మాకు భయమొస్తది. గదీ గిదీ ఒక్కటి కాదు."

ఆ మాట నిజం. నిజమని అప్పుడే తెలిసింది, ఇప్పటికీ అనుకుంటాను. అయితే ఆ నిజం చేతిలో ఉన్నప్పుడు ఆయన మహల్లాలో ఎవరు ఏమడిగినా ఆయన దాన్నే అడ్డం పెట్టేవాడని కూడా నాకు తెలుసు. ఈ సంగతి నాకు చెప్పింది లెక్కల సారే. నేను చెప్తే తప్పయ్యేది.

కరస్పాండెంట్‌తో మాట్లాడమని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "నేనొస్తే వాని నౌకరి రేపు పోయేది ఇయ్యాల్నే పోతది. నా మొహం చూస్తే అది నౌకరి ముచ్చట ఉండదు, పార్టీ ముచ్చట అయితది." అది కూడా నిజమే. ఆ వారం అందరూ నిజాలే చెప్పారు.

ఇక మిగిలింది ఒక అభ్యుదయవాది. ప్రభుత్వ టీచరు, ఉపాధ్యాయ సంఘం నాయకుడు. మతమౌఢ్యం మీద ఆయన ప్రసంగాలకు నేను ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాణ్ని. మా ఊళ్లో అందరూ ఒకలా మాట్లాడితే ఆయన మాత్రం అచ్చువేసినట్లు మాట్లాడేవాడు.

"మిత్రుడు స్వామి పాత్ర ధరించడం ప్రజా కళారూపం," అన్నాడు. "మీరు ఆ రెండో పాత్ర ధరించకుండా ఉండాల్సింది."

"ఎందుకన్నా? రెండు పాత్రలకు ఒకటే డైలాగు గద."

"విమర్శకు సమయమూ సందర్భమూ ఉండాలి."

"స్వామి మీద విమర్శకు?"

"అది నిరంతర కర్తవ్యం."

"మరి బాబా మీద విమర్శకు సందర్భం ఎప్పుడొస్తది?"

"పరిస్థితులు పరిపక్వం కావాలి," అన్నాడు. మా మతాల వాళ్లయితే కనీసం పంచాంగమో, నెలవంకో చూసి ఒక రోజు చెప్తారు. లెక్కల సారు తరఫున ఒక ప్రకటన ఇస్తారా అని అడిగితే, సంగారెడ్డిలో రౌండ్ టేబుల్ సమావేశం పెడదామన్నాడు. నాకు తెలిసినంత వరకు ఆ బల్ల ఇంకా కొనలేదు.

చివరికి మిల్లుకు నేనొక్కణ్నే వెళ్లాను. కందిపప్పు దుమ్ములో కరస్పాండెంట్ ప్రశాంతంగా ఉన్నాడు.

"నాకు అన్ని మతాలు ఒక్కటే సార్," అన్నాడు. "అన్ని మతాలోళ్లు పిల్లల్ని జేర్పిస్తరు. నీ మీద గూడ వచ్చిండ్రు, తెలుసా? ఇద్దరొచ్చిండ్రు. చెప్పాల్సింది చెప్పిండ్రు, చాయ్ తాగి పోయిండ్రు."

"మరి ఆయన మీద?"

"చానమంది వచ్చిండ్రు. చాయ్ తాగలె." నా వైపు సూటిగా చూశాడు. "నలభై ఏండ్ల సంది దందా జేస్తున్న. చాయ్ తాగనోళ్లతోటి నేను పెట్టుకోను. జూన్ సంది ఆయన్ను వేరే చూస్కోమను. నువ్వే చెప్పు, దోస్తువు గద."

"అట్లయితే నన్ను గూడ తీసెయ్యి. ఇద్దరం జేసినం."

"నిన్నెందుకు తీస్త? నీ మీద ఎవ్వనికేం లేదు. అయినా తెలుగు సార్ దొరుకుడు కష్టం," అన్నాడు. ఖేడ్‌లో దొరకడం కష్టమైనది లెక్కల సారే. అది పప్పు బస్తాలు మోసేవాళ్లకు కూడా తెలుసు.

నేను చెప్పాల్సిన అవసరం రాలేదు, లెక్కల సారుకు అప్పటికే తెలిసింది. బోర్డు మీద ఎవరిదో సగం లెక్క ఉంటే పూర్తిచేస్తూ ఉన్నాడు. నేనూ మానేస్తానన్నాను. "ఇద్దరం ఇంట్ల కూసుంటే చాయ్ ఎవడు తాపిస్తడు?" అన్నాడు. తన వైపు నుంచి చేయాల్సింది ఆయన చేశాడు. వినాయకుడి మండపం కుర్రాళ్ల దగ్గరికి పోయి, మనసు నొచ్చుకుంటే మాఫ్ చేయమన్నాడు. వాళ్లు చేశారు. ఆయన పాదాలకు మొక్కి మరీ చేశారు. జూన్ మాత్రం జూన్‌లాగే ఉండిపోయింది.

ఆ నెలంతా మా ఇంటికి రాలేదు. అంతకుముందు ఆదివారం వచ్చాడంటే మా అమ్మ పెట్టే జొన్నరొట్టె తినకుండా పోయేవాడు కాదు. ఆయన రాకపోవడం గురించి ఆమెను అడిగాను.

"వాడు మంచోడే," అంది. "గని గా శాలువ కప్పుకోకుంటే అయిపోతుండె."

"నేను కప్పుకున్నప్పుడు నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాలె? నువ్వు నా కొడుకువి, రెండు దినాలు మాట్లాడలె. వానితోని ఎన్ని దినాలు మాట్లాడొద్దో నాకేం తెలుస్తది?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ప్రశ్నకు నా దగ్గర సంఖ్య లేదు.

మే నెలలో మాకు కూతురు పుట్టింది. దవాఖానలో బిడ్డను చూసి బయటికొస్తే మా అమ్మ మొదట అన్న మాట, "ఇగ గా గడ్డం తీసేయ్, బిడ్డ జడుసుకుంటది." బస్టాండు ఎదురుగా ఉన్న మంగలి షాపులో కూర్చున్నాను. ఆ రోజే లెక్కల సారు బీదర్ పోతున్నాడు. అక్కడి కాలేజీలో వాళ్ల బామ్మర్ది ఏదో ఉద్యోగం మాట్లాడాడు. బస్సుకు ఇంకా టైముందని సంచి పక్కన పెట్టుకుని షాపు బెంచి మీద నా వెనకాల కూర్చున్నాడు. అద్దంలో ఇద్దరం కనిపిస్తున్నాం, నురగతో నేను, నున్నగా ఆయన.

"బీదర్ల పద్యం ఎవరు వింటరు?" అన్నాను.

"గోడలకు చదువుత. గోడలకు ఏ భాష అయినా ఒక్కటే," అన్నాడు. సంచి దగ్గరికి జరుపుకుంటూ, "బిడ్డ ఎవరి లెక్కుంది?" అని అడిగాడు.

"ఇంకా తెలుస్తలేదు. మాయమ్మ మాత్రం తన లెక్కనే ఉందంటది."

మంగలి కత్తి ఆడించాడు. నెలల తరబడి నేను మోసినది తెల్లగుడ్డ మీదికి రాలింది. చెంపలకు గాలి తగిలింది. అద్దంలో నా పాత మొహం కనిపించేసరికి, ఏదో ఒకటి అయిపోయినట్లే అనిపించింది. మంగలి నవ్వుతూ, "ఇగ మిమ్మల్ని ఎవ్వరు గుర్తువట్టరు సార్," అన్నాడు.

నేను ఊరుకోలేదు. ఊరుకోవడం నాకు చేతకాదు. "గంతే భాయ్," అన్నాను అద్దంలో లెక్కల సారును చూస్తూ. "ఖేడోళ్లకు యాది తక్కువ. గడ్డం పోయింది, ముచ్చట పోయింది. రెండు మూడు నెలలైతే అందరు మర్చిపోతరు, నువ్వు గూడ మళ్లొస్తవ్."

బీదర్ బస్సు వచ్చి ఆగింది. ఆయన లేచి, సంచి భుజానికి తగిలించుకుని, అద్దంలోనే నా మొహం చూశాడు.

"నువ్వు గడ్డం గీసుకున్నవ్, అయిపాయె," అన్నాడు. "నేనేం గీసుకోవాలె?"